విడిది ఇల్లు కొనబోయి ఆగిన వైనం

2024 అక్టోబరులో స్పెయిన్ తూర్పు తీరాన, అలికాంతే ప్రాంతంలోని ఒక చిన్న పట్టణంలో, మూడో అంతస్తు ఫ్లాటు వరండాలో నిలబడి, ఇక ఈ ఇల్లు కొనేద్దామని నేను, మావారు నిశ్చయించుకున్నాం. అంతకు ముందు వరుసగా నాలుగేళ్లు అదే పట్టణానికి సెలవులకు వెళ్లి ఉన్నాం కనుక అది తొలిచూపు మోహం కాదని, తీరిగ్గా ఆలోచించి తీసుకున్న నిర్ణయమేనని మాకు గట్టి నమ్మకం. మూడు నెలల తరవాత, బయానా కాగితం మీద సంతకం పెట్టవలసిన వారంలో, వద్దనుకుని వెనక్కి వచ్చేశాం. ఇంటిని కొనడమూ, ఆ ఇల్లున్న దేశంలో ఉండగలగడమూ రెండు వేరు వేరు సంగతులని, మొదటిది డబ్బు పెడితే దొరుకుతుంది గానీ రెండోది ఆ దేశం ఇచ్చినన్నాళ్లే ఉంటుందని ఆ మూడు నెలల్లో మాకు మెల్లగా బోధపడింది.

అలాగని విడిది ఇంటి మీద కోరిక అర్థం లేనిదని నేను అనను. ప్రతి ఏడూ కొత్త ఊరు వెతుక్కుని, దిగిన మొదటి రెండు రోజులు దారులు తెలుసుకోవడానికే ఖర్చు పెట్టడం కన్నా, తెలిసిన చోటికే మళ్లీ వెళ్లడంలో గొప్ప విశ్రాంతి ఉంటుంది. ఏ సందులోంచి వెళితే సముద్రం దగ్గరవుతుందో, ఏ గంటకు ఏ గోడ నీడ రోడ్డు మీద పడుతుందో తెలిసిన ఊరు సగం సొంత ఊరే. పుస్తకాలు, ఈత దుస్తులు, మోకాలి నొప్పికి పనికివచ్చే ఎత్తయిన కుర్చీ, ఇవన్నీ అక్కడే వదిలేసి చేతిసంచితో విమానం ఎక్కగలగడం ఒక వయసు దాటినవాళ్లకు చిన్న సుఖమేమీ కాదు. పక్కింటివాళ్లు మొదటి ఏడాది తల ఊపుతారు, రెండో ఏడాది పేరు అడుగుతారు, మూడో ఏడాది మీ గోడ మీద పగులు కనిపిస్తే వాళ్లే కబురు పంపుతారు. హోటల్లో దిగేవారికి ఈ వరస ఎన్నటికీ దక్కదు. దీనికి తోడు, ఉన్న ఆస్తంతా ఒకే దేశంలో, ఒకే కరెన్సీలో ఉండకుండా కొంత భాగం మరోచోట ఉండడం కూడా తెలివైన పనేనని మావారి వాదం. ఆ వాదంలో నిజం ఉంది, అయితే అది ఎంతవరకు నిజమో తరవాత చెబుతాను.

మా ఉత్సాహానికి మొదటి దెబ్బ మాది కాని ఇంట్లో తగిలింది. కాగితాలు చూసుకోవడానికి జనవరిలో మళ్లీ వెళ్లినప్పుడు, అదే భవన సముదాయంలో ఫ్లాటు ఉన్న ఒక పరిచయస్థురాలు, వారం రోజులు ఊరికే ఉండండమ్మా, ఎలాగూ తాళం వేసే ఉంది కదా అంటూ తన తాళంచెవి ఇచ్చింది. ఆ ఇల్లు తెరిచి అప్పటికి ఆరు నెలలైంది. తాళం తిరగడానికి పావుగంట పట్టింది, ఉప్పుగాలికి లోపలి ఇనుము బిగుసుకుపోయింది. తలుపు తెరవగానే మురుగు వాసన గుప్పుమంది. ఏ గొట్టమో పగిలిందనుకుని కంగారుపడ్డాం గానీ అసలు సంగతి అంతకన్నా సాదాగా ఉంది. స్నానాలగది జాలీ కింద వంపు తిరిగిన గొట్టంలో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి ఉండి, కింది మురుగు కాలువ గాలిని పైకి రానివ్వకుండా ఆపుతాయి. నెలల తరబడి ఎవరూ నీళ్లు పోయకపోతే అవి ఆవిరైపోతాయి, ఆ గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. చెంబెడు నీళ్లతో తీరిపోయే సమస్యే, కానీ ఆ చెంబెడు నీళ్లు పోసే మనిషి ఉండాలి. ఉత్తరపు గోడకు ఆనించిన బట్టల బీరువాను జరిపితే వెనక మనిషి ఎత్తున నల్లటి బూజు పట్టి ఉంది. నీళ్లు కాచే యంత్రం రెండుసార్లు గురగురమని ఆగిపోయింది. తపాలా పెట్టెలో పదకొండు ఉత్తరాలు ఉన్నాయి. వాటిలో ఒకటి, భవనం ముందు గోడ మరమ్మతుకు యజమానులంతా అదనపు చందా కట్టాలని అంతకు ముందు సెప్టెంబరులో జరిగిన సమావేశంలో తీర్మానించినట్టు తెలిపే నోటీసు. ఆ సమావేశం జరిగినట్టే ఆమెకు తెలియదు.

ఆ వారంలో మూడు రోజులు ఆ ఇంటి పనితోనే గడిచాయి. ఊరికే దిగిన ఇల్లు కనుక ఆ మాత్రం చేయడం మర్యాద అనుకున్నాం గానీ, ఆమె ఏడాదికి మూడు వారాలు వస్తుందని, వచ్చిన ప్రతిసారీ మొదటి రెండు మూడు రోజులు ఇలాగే పోతాయని తరవాత విన్నప్పుడు, మావారు వేళ్ల మీద లెక్కపెట్టడం నేను చూశాను. నెలకింత అని తీసుకుని తలుపులు తెరిచి, నీళ్లు వదిలి, ఉత్తరాలు ఫొటో తీసి పంపే మనుషులు అలాంటి ఊళ్లలో ఉంటారు. విడిది ఇల్లు కొనేవారు తప్పనిసరిగా పెట్టుకోవలసిన ఖర్చుల్లో నేను దీన్ని మొదట రాస్తాను. ఇంకో చిన్న మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. వరుసగా 30 రోజులకో 60 రోజులకో మించి ఇల్లు ఖాళీగా ఉంటే, నీటి లీకులకు, దొంగతనాలకు పరిహారం తగ్గించే లేదా పూర్తిగా ఎత్తివేసే షరతు చాలా ఇంటి బీమా పాలసీల్లో ఉంటుంది. విడిది ఇల్లంటేనే ఖాళీగా ఉండే ఇల్లు కాబట్టి, మామూలు ఇంటి పాలసీ తీసుకుని నిశ్చింతగా ఉన్నవారు నిజానికి బీమా లేనివారితో సమానం.

రెండో దెబ్బ కాగితాల్లో ఉంది. స్పెయిన్‌లో ఆస్తి రిజిస్ట్రీ నుంచి నోటా సింప్లే అనే సంక్షిప్త పత్రం స్వల్ప రుసుముకు దొరుకుతుంది. యజమాని ఎవరు, ఇంటి విస్తీర్ణం ఎంత, దాని మీద తాకట్టులు, జప్తులు ఉన్నాయా అన్నవి అందులో కనిపిస్తాయి. మేము చూసిన ఫ్లాటును అమ్మకం ప్రకటనలో 74 చదరపు మీటర్లుగా చూపారు. నోటా సింప్లేలో 62 ఉంది. మిగిలిన 12 మీటర్లూ ఎక్కడివంటే, మేము నిలబడి ముచ్చటపడిన ఆ వరండావే. ఒకప్పుడు ఆరుబయలుగా ఉన్నదాన్ని పాత యజమాని అద్దాల పలకలతో మూసి గదిగా మార్చుకున్నాడు, అందుకు మున్సిపాలిటీ అనుమతీ లేదు, మిగతా యజమానుల సమ్మతీ లేదు. ఊళ్లో సగం వరండాలు అలాగే ఉన్నాయని ఏజెంటు తేలిగ్గా నవ్వాడు, నిజంగానే ఉన్నాయి కూడా. మేము సొంతంగా పెట్టుకున్న లాయరు మాత్రం నవ్వలేదు. “కొంతకాలం గడిచాక మున్సిపాలిటీ కూల్చమని అడగలేకపోవచ్చు, కానీ మీరు బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడు, రేపు అమ్మాలనుకున్నప్పుడు, ఆ 12 మీటర్లు లెక్కలోకి రావు. లేని గదికి ధర కడుతున్నారని తెలిసి కట్టండి,” అన్నారు.

ఈ లాయరు విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఐరోపాలోని చాలా దేశాల్లో అమ్మకం నోటరీ ఎదుట జరుగుతుంది కాబట్టి, అంత పెద్ద అధికారి ఉన్నాక వేరే లాయరు ఎందుకని కొత్తవారు అనుకుంటారు. నోటరీ ఇద్దరి మధ్య నిలబడి పత్రం చట్టబద్ధంగా ఉందో లేదో చూస్తారు తప్ప, కొనేవారి తరఫున లోతుగా తవ్వి చూడడం ఆయన పని కాదు. ఏజెంటు సూచించిన లాయరును పెట్టుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే అమ్మకం జరిగితేనే ఏజెంటుకు డబ్బు, ఆ ఏజెంటు ఉంటేనే ఆ లాయరుకు పని. బయానా విషయంలో స్పెయిన్ నియమం సూటిగానే ఉంది. ఆర్రాస్ అని పిలిచే ఆ ఒప్పందంలో సాధారణంగా కొనేవారు వెనక్కి తగ్గితే కట్టిన సొమ్ము పోతుంది, అమ్మేవారు వెనక్కి తగ్గితే దానికి రెట్టింపు తిరిగి ఇవ్వాలి. అందువల్ల తవ్వవలసినదంతా బయానాకు ముందే తవ్వాలి. పాత యజమాని భవన నిర్వహణ చందా ఎగ్గొట్టి ఉంటే, అమ్మకం జరిగిన ఏడాదికీ, అంతకు ముందు మూడేళ్లకూ ఆ బాకీ ఇంటితో పాటు కొత్త యజమాని నెత్తిన పడుతుంది. బాకీ లేదనే పత్రం చేతిలో లేకుండా సంతకం పెట్టడమంటే, ఎవరో చేసిన అప్పు మనం తీర్చడానికి ఒప్పుకోవడమే.

అయితే వరండా గొడవ బేరంలో తేలిపోయేదే, ధర తగ్గించడానికి అమ్మేవారు సిద్ధపడ్డారు కూడా. మమ్మల్ని అసలు ఆపినది రోజుల లెక్క. స్పెయిన్‌తో కలిపి తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న 29 దేశాల షెంజెన్ ప్రాంతంలో, అక్కడి పౌరసత్వమో నివాసానుమతో లేనివారు ఏ 180 రోజుల కాలంలోనైనా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. వెళ్లిన రోజు, తిరిగి వచ్చిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఈ గడువు ఒక్క రోజు కూడా పెరగదు, వీసా అవసరమైన దేశాల పౌరులకు వీసా దొరుకుతుందన్న హామీ కూడా రాదు. 2025 అక్టోబరు 12 నుంచి అక్కడి సరిహద్దుల్లో పాస్‌పోర్టు ముద్రలకు బదులు వేలిముద్రలు, ముఖచిత్రంతో కంప్యూటరు నమోదు దశలవారీగా మొదలైంది కాబట్టి, ముద్ర సరిగ్గా కనిపించక నాలుగు రోజులు కలిసిరావడం అనే పాత కాలపు అదృష్టం కూడా ఇక ఉండదు.

ఈ నియమం ఉన్నట్టుండి మీద పడితే ఎలా ఉంటుందో బ్రిటన్ వాసులను అడగాలి. స్పెయిన్‌లో, ఫ్రాన్స్‌లో విడిది ఇళ్లు కొనుక్కున్న బ్రిటిషువారు ఐరోపా సమాఖ్య పౌరులుగా ఎప్పుడంటే అప్పుడు వెళ్లి, చలికాలమంతా అక్కడే ఉండి వచ్చేవారు. 2021 జనవరి 1 నుంచి వారు కూడా 90 రోజుల లెక్కలోకి వచ్చేశారు. ఇల్లు అదే, వీధి అదే, తాళంచెవి అదే, మారింది ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకోవచ్చన్న అంకె ఒక్కటే. ఆ మార్పుకు కారణమైన నిర్ణయంలో ఆ ఇళ్లు లెక్కలోకి కూడా రాలేదు.

ఇల్లు కొంటే నివాసానుమతి ఇస్తామన్న దేశాలు లేకపోలేదు. గోల్డెన్ వీసా పేరుతో స్పెయిన్ 2013లో 5 లక్షల యూరోల పెట్టుబడికి ఆ తలుపు తెరిచింది, 2025 ఏప్రిల్ 3న మూసేసింది. పోర్చుగల్ ఇళ్ల కొనుగోలు ద్వారా వచ్చే మార్గాన్ని 2023లోనే తీసేసింది. గ్రీసు ఇంకా ఇస్తోంది గానీ, ఒకప్పుడు 2.5 లక్షల యూరోలున్న కనీస మొత్తాన్ని 2024లో ఏథెన్స్, థెస్సలొనీకి, సంతోరిని వంటి చోట్ల 8 లక్షలకు పెంచింది. జపాన్‌లో విదేశీయులు ఇల్లు కొనడానికి అడ్డంకులు దాదాపు లేవు, 2023 గృహ సర్వే ప్రకారం దేశంలో 90 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి కూడా, కానీ ఎన్ని ఇళ్లు కొన్నా అందువల్ల వీసా రాదు.

మరికొన్ని దేశాల్లో కొనడమే కష్టం, లేదా కొన్నామనుకున్నది పూర్తిగా కొన్నట్టు కాదు. థాయిలాండ్‌లో విదేశీయుడు సాధారణంగా నేల కొనలేడు. అపార్టుమెంటు అయితే, ఆ భవనంలోని మొత్తం విస్తీర్ణంలో 49 శాతానికి మించి విదేశీయుల పేరిట ఉండకూడదు. విల్లాలు అమ్మేవారు అందుకే 30 ఏళ్ల లీజు చూపిస్తారు, ఆ తరవాత మళ్లీ పొడిగిస్తామని నోటిమాటగానో ఒప్పందంలో ఒక వాక్యంగానో చెబుతారు. చట్టం గుర్తించేది మొదటి 30 ఏళ్లనేనన్న మాట మాత్రం గట్టిగా చెప్పరు. మెక్సికోలో సముద్రతీరానికి 50 కిలోమీటర్ల లోపు, సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపు ఉన్న ఇంటిని విదేశీయుడు నేరుగా తన పేరిట పెట్టుకోలేడు. బ్యాంకు ట్రస్టు పేరిట 50 ఏళ్లకు, మళ్లీ పొడిగించుకునే వీలుతో, అనుభవ హక్కు తీసుకోవాలి. స్విట్జర్లాండ్‌లో విదేశీయుల కొనుగోళ్లకు కోటాలున్నాయి, అవి చాలవన్నట్టు 2012లో ప్రజలు ఓటు వేసి, ఏ గ్రామంలోనూ రెండో ఇళ్లు మొత్తం ఇళ్లలో 20 శాతం మించకూడదని తేల్చారు. డెన్మార్క్ అయితే తన వేసవి ఇళ్లను బయటివారు కొనకుండా కాపాడుకోవడానికి ఐరోపా సమాఖ్య ఒప్పందంలోనే ప్రత్యేక నిబంధన రాయించుకుంది. న్యూజీలాండ్ 2018లో, కెనడా 2023లో, ఆస్ట్రేలియా 2025లో విదేశీయుల ఇళ్ల కొనుగోళ్లపై రకరకాల నిషేధాలు పెట్టాయి. కెనడా నిషేధం పెద్ద పట్టణ ప్రాంతాల బయటి విడిది ఇళ్లకు వర్తించదు, కాబట్టి పేరు విని భయపడకుండా నియమం చదవాలి. సింగపూర్ నిషేధించలేదు, 2023 ఏప్రిల్ నుంచి విదేశీయుల మీద ధరలో 60 శాతం అదనపు స్టాంపు సుంకం వేసి ఊరుకుంది. ఈ దేశాల వెనక ఉన్న ఆలోచనను నేను తప్పు పట్టలేను. ఏడాదిలో పదకొండు నెలలు చీకటిగా ఉండే కిటికీల వల్ల, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లలకు అద్దె ఇల్లు దొరకని పరిస్థితి వస్తే, ఎవరికైనా కోపం వస్తుంది. మేము అక్కడ ఉన్న ఆ జనవరిలోనే, సమాఖ్య బయట నివసించే విదేశీయులు కొనే ఇళ్లపై 100 శాతం వరకు పన్ను వేయాలని స్పెయిన్ ప్రధాని ప్రతిపాదించారు. అది ప్రతిపాదనే, కానీ ఆ మర్నాడు మెట్ల దగ్గర ఎదురుపడ్డ పొరుగావిడ ముఖంలో, పాపం మీరేం చేస్తారు అన్న జాలీ, మంచి పనే అన్న తృప్తీ రెండూ కనిపించాయి.

ఇక డబ్బు. ఇంటి ధరను నూరు వంతులనుకుంటే, అక్కడ పాత ఇల్లు కొనేటప్పుడు బదిలీ పన్ను దాదాపు పది వంతులు, నోటరీ, రిజిస్ట్రీ, లాయరు కలిసి మరో రెండు మూడు వంతులు అవుతాయి. అమ్మేటప్పుడు ఏజెంటుకు సుమారు ఐదు వంతులు పోతాయి. ఆ పైన, అమ్మేవారు స్పెయిన్‌లో నివసించనివారైతే, కట్టవలసిన పన్నుకు హామీగా ధరలో 3 శాతాన్ని కొనేవారే పట్టుకుని ఖజానాకు జమ చేస్తారు, మిగిలినది ఏదైనా ఉంటే తరవాత అడిగి తెచ్చుకోవాలి. అంటే ఇంటి ధర దాదాపు పద్దెనిమిది శాతం పెరిగితే తప్ప, కొని అమ్మినవారు పెట్టిన చోటికి కూడా రారు. మధ్యలో ఏటేటా మున్సిపల్ ఇంటి పన్ను, భవన నిర్వహణ, బీమా, వాడినా వాడకపోయినా కట్టవలసిన విద్యుత్తు చార్జీ, తాళంచెవి పెట్టుకునే మనిషి జీతం ఉంటాయి. వీటికి తోడు మా ఇద్దరికీ వింతగా తోచిన పన్ను ఒకటి ఉంది. ఇల్లు అద్దెకు ఇవ్వకపోయినా, సొంతానికి ఉంచుకున్నందుకు ఒక ఊహాత్మక ఆదాయం వచ్చినట్టు భావించి, ప్రభుత్వ విలువలో 1.1 లేదా 2 శాతాన్ని ఆ ఆదాయంగా లెక్కకట్టి, దాని మీద సమాఖ్య వాసుల దగ్గర 19 శాతం, మిగతావారి దగ్గర 24 శాతం వసూలు చేస్తారు. మొత్తం చిన్నదే, కానీ ఏటా మరిచిపోకుండా దాఖలు చేయాలి. తెలియక ఏళ్ల తరబడి కట్టనివారు అమ్మేటప్పుడు ఆ 3 శాతం దగ్గర దొరికిపోతారు.

ఇవన్నీ కలిపి ఏడాది ఖర్చు మాకు నూటికి రెండున్నర వంతులుగా తేలింది. అదే డబ్బు బ్యాంకులో ఉంటే రాగల మూడు వంతుల వడ్డీని కలిపితే ఐదున్నర. మేము ఎంత ఆశగా లెక్కవేసుకున్నా ఏడాదిలో 35 రాత్రులకు మించి అక్కడ ఉండలేం. ఆ లెక్కన సొంత ఇంట్లో ఒక్కో రాత్రి ఖర్చు, అదే భవనంలో అదే కాలంలో అద్దెకు దిగితే అయ్యే ఖర్చుకు మూడు రెట్లు దాటింది. రెండూ సమానం కావాలంటే ఏడాదికి 130 రాత్రులకు పైగా అక్కడ గడపాలి. ధర పెరుగుతుంది కదా అని మావారు అన్నారు, పెరగవచ్చు కూడా. కానీ ధర పెరుగుదల కోసమే అయితే ఇల్లే ఎందుకు, అందులోనూ బూజు పట్టే ఇల్లు ఎందుకు అన్నది నా ప్రశ్న.

కరెన్సీల సంగతి రెండువైపులా పదునున్న కత్తి. ఆస్తి మరో కరెన్సీలో ఉండడం రక్షణే, కానీ ఆదాయం ఒక కరెన్సీలో, అప్పు మరో కరెన్సీలో ఉంటే అదే గుదిబండ అవుతుంది. వడ్డీ తక్కువని సైప్రస్‌లో ఎందరో విదేశీ కొనుగోలుదారులు స్విస్ ఫ్రాంకుల్లో అప్పులు తీసుకున్నారు. 2015 జనవరి 15న స్విస్ కేంద్ర బ్యాంకు యూరో విలువ 1.20 ఫ్రాంకులకు తగ్గకుండా పెట్టుకున్న హద్దును ఎత్తివేయడంతో ఆ అప్పులు గంటల్లో పెరిగిపోయాయి, ఇళ్ల ధరలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. సంపాదించే కరెన్సీలో కాకుండా ఇంకే కరెన్సీలోనైనా ఇంటి కోసం అప్పు చేయడం నా దృష్టిలో జూదమే.

ఖాళీగా ఉన్న నెలల్లో అద్దెకు ఇస్తే ఖర్చులు గట్టెక్కుతాయన్నది ప్రతి ఏజెంటూ చెప్పే మాట. ఆ మాట చెప్పే వేగంతో నియమాలు కూడా మారుతున్నాయి. స్పెయిన్‌లో 2025 ఏప్రిల్ నుంచి, అపార్టుమెంటును కొత్తగా పర్యాటకులకు అద్దెకు ఇవ్వాలంటే ఆ భవనంలోని యజమానుల్లో ఐదింట మూడు వంతుల ఆమోదం కావాలి. బార్సిలోనా నగరపాలక సంస్థ ఒక అడుగు ముందుకు వేసి, 2028 నవంబరు నాటికి ముగిసే పదివేలకు పైగా పర్యాటక ఫ్లాటు లైసెన్సులను మళ్లీ పునరుద్ధరించబోమని 2024లోనే చెప్పేసింది. నియమాలు అనుకూలించినా ఇంకో చిక్కు ఉంది. అద్దె బాగా పలికే వారాలూ, మనం అక్కడ ఉండాలనుకునే వారాలూ ఒకటే. జులై, ఆగస్టులు అద్దెకు ఇచ్చేస్తే, మనకు మిగిలేది ఈత కొలనుకు ముసుగు వేసిన ఫిబ్రవరి.

వారసత్వం గురించి సెలవుల్లో ఎవరూ మాట్లాడుకోరు, కానీ మాట్లాడుకోవాలి. ఫ్రాన్స్ చట్టం ఆస్తిలో కొంత భాగాన్ని పిల్లలకు తప్పనిసరిగా కేటాయిస్తుంది. ఒక్కరుంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు లేదా అంతకు మించి ఉంటే నాలుగింట మూడు వంతులు. భార్యకో భర్తకో మొత్తం రాసిద్దామనుకున్నవారికి ఇది పెద్ద అడ్డంకి. 2015 ఆగస్టు 17 నుంచి అమలులో ఉన్న ఐరోపా నిబంధన ప్రకారం, చాలా సమాఖ్య దేశాల్లోని ఆస్తికి తమ పౌరసత్వ దేశపు చట్టం వర్తించాలని వీలునామాలో రాసుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం రాయించుకోనివారే ఎక్కువ. అమెరికాలో ఇంకో రకం. అక్కడ స్థిరనివాసం లేని విదేశీయుడు చనిపోతే, అమెరికాలోని ఆస్తిలో 60 వేల డాలర్లు దాటిన భాగం మీద 40 శాతం వరకు ఎస్టేట్ పన్ను పడవచ్చు.

ఇంత చెప్పాక కూడా, కొన్నందుకు సంతోషంగా ఉన్నవారు నాకు తెలుసు. మేము చూసిన ఫ్లాటుకు రెండు వీధుల అవతల రిటైరైన దంపతులు ఉన్నారు. ఇద్దరూ సమాఖ్య పౌరులు కనుక వారికి రోజుల లెక్క లేదు. అప్పు లేకుండా కొన్నారు, కొనే ముందు ఆ ఊళ్లోనే రెండు చలికాలాలు అద్దెకు ఉండి చూశారు, ఏడాదిలో ఐదు నెలలు అక్కడే ఉంటారు. భవన సమావేశాల్లో ఆయన చేతికి మైకు ఇవ్వాలంటే మిగతావారు భయపడేటంతగా స్పానిష్ నేర్చుకున్నారు. వారిని అడిగితే ఇంతకన్నా మంచి పని తాము చేయలేదంటారు, నేను నమ్ముతాను. వారు ఆ ఊరికి ముందు మనుషులయ్యారు, తరవాత యజమానులయ్యారు. మేము ఆ వరసను తిరగేసి చేయబోయాం.

బయానా కట్టకుండా ఆగినందుకు ఏజెంటు కొన్నాళ్లు మాట్లాడడం మానేశాడు. 2025 అక్టోబరులో అదే భవనంలో రెండో అంతస్తులో, మూడు వారాలకు అద్దెకు దిగాం. మాకు సరిగ్గా పైనున్న ఆ అద్దాల వరండా ఇంకెవరో కొనుక్కున్నారు, సాయంత్రాలు అక్కడ దీపం వెలుగుతుంటే మావారు ఒకసారి తలెత్తి చూసి ఊరుకునేవారు. రెండో వారంలో మా వంటగది సింకు కింద గొట్టం కారడం మొదలైంది. కింద బాల్చీ పెట్టి, యజమానికి ఫోను చేసి, మధ్యాహ్నానికి మనిషి వస్తాడని ఆయన చెప్పగానే, తాళంచెవి పొరుగావిడకు ఇచ్చి, చెప్పులు వేసుకుని సముద్రం ఒడ్డుకు వెళ్లిపోయాం.